కృష్ణా దిగువ డెల్టాలో చిల్లర్ల నీటి పైపులు, డ్రెయిన్లు

నీటిని, ఉప్పు ద్రావణాన్ని లేదా మరో ద్రవాన్ని చల్లబరిచి, పైపుల ద్వారా అవసరమైన చోటికి పంపే యంత్రాన్ని చిల్లర్ అంటారు. పాల శీతలీకరణ కేంద్రాలు, ఐసు ఫ్యాక్టరీలు, రొయ్యల శుద్ధి కర్మాగారాలు, ఆసుపత్రులు, పెద్ద భవనాలు దీని మీద ఆధారపడతాయి. యంత్రం ఏ కంపెనీదైనా, ఎక్కడ తయారైనా, దానికి కలిపే నీటి పైపులు, దాని నుంచి బయటికి పోయే డ్రెయిన్లు మాత్రం స్థలాన్ని బట్టే రూపుదిద్దుకోవాలి. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమలలో ఈ మాటకు బలం ఎక్కువ. ఇక్కడ నేల దాదాపు సమతలం, భూగర్భ జలం చాలాచోట్ల ఉప్పు, గాలిలో తేమ ఎక్కువ, తుఫాన్లు తరచు. అందువల్ల ఈ ప్రాంతంలో చిల్లర్ పనిని నీరు వచ్చే చోటు నుంచి కాక, నీరు పోవలసిన చోటు నుంచి వెనక్కి గీసుకుంటూ రావడం సరైన పద్ధతి.

పని తీరు

చిల్లర్‌లో కంప్రెసర్, కండెన్సర్, ఎక్స్‌పాన్షన్ వాల్వు, ఇవాపరేటర్ అనే నాలుగు ప్రధాన భాగాలుంటాయి. ఇవాపరేటర్‌లో శీతలకం (రిఫ్రిజిరెంట్) ఆవిరవుతూ నీటి వేడిని లాక్కుంటుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని నొక్కి కండెన్సర్‌కు పంపుతుంది. కండెన్సర్ ఆ వేడిని బయటికి వదులుతుంది. గాలితో చల్లబడే కండెన్సర్ ఉంటే ఎయిర్ కూల్డ్ చిల్లర్ అని, నీటితో చల్లబడేది ఉంటే వాటర్ కూల్డ్ చిల్లర్ అని పిలుస్తారు. మొదటి రకానికి చల్లటి నీటి వలయం ఒక్కటి చాలు. రెండో రకానికి కూలింగ్ టవర్‌తో కూడిన మరో నీటి వలయం కావాలి.

చిల్లర్ సామర్థ్యాన్ని టన్నుల్లో చెబుతారు. ఒక టన్ను అంటే 3.517 కిలోవాట్ల వేడిని తీసివేయగల శక్తి. భవనాల శీతలీకరణలో నీరు సాధారణంగా 12 డిగ్రీల సెల్సియస్ వద్ద చిల్లర్‌లోకి వచ్చి 7 డిగ్రీల వద్ద బయటికి వెళుతుంది. పాల కేంద్రాల్లో వాడే ఐస్ బ్యాంక్ ట్యాంకులో గొట్టపు చుట్టల మీద మంచు పేరుస్తారు. దాని చుట్టూ తిరిగే నీరు దాదాపు సున్నా డిగ్రీలకు చేరుతుంది. ఐసు ఫ్యాక్టరీలో ఉప్పు ద్రావణాన్ని సున్నాకు చాలా దిగువకు చల్లార్చి, అందులో నీళ్ల డబ్బాలను ముంచి దిమ్మలు గడ్డకట్టిస్తారు.

ప్రాంతం, వాడుక

కృష్ణా జిల్లాలో పాడి, చేపలు, రొయ్యలు మూడూ వేడికి త్వరగా పాడయ్యే సరుకులే. విజయవాడలో పాల ఉత్పత్తుల కర్మాగారం 1969లో మొదలైంది. నేడు జిల్లా పాల ఉత్పత్తిదారుల సహకార సంస్థ విజయ పేరుతో పాలను అమ్ముతోంది. పల్లెల్లో పితికిన పాలు దాదాపు 35 డిగ్రీల వేడితో కేంద్రానికి చేరతాయి. వాటిని వీలైనంత త్వరగా 4 డిగ్రీలకు దించాలి. వెయ్యి లీటర్ల పాలను ఇలా దించడానికి ఐస్ బ్యాంక్‌లో సుమారు 375 కిలోల మంచు కరగవలసి వస్తుంది. ఉదయం, సాయంత్రం రెండు పూటలా పాలు ఒక్కసారిగా వచ్చిపడతాయి కాబట్టి, మధ్య గంటల్లో మంచు పేర్చిపెట్టుకునే ఈ పద్ధతి పాడికి చక్కగా సరిపోతుంది.

మచిలీపట్నం దగ్గరి గిలకలదిండిలో చేపల రేవు ఉంది. పడవలు వేటకు వెళ్లేటప్పుడు ఐసు నింపుకుంటాయి. దివిసీమలో నాగాయలంక, కోడూరు వైపు, గుడివాడకు ఉత్తరాన నందివాడ, ఈశాన్యాన కైకలూరు వైపు చేపల, రొయ్యల చెరువులు విస్తరించాయి. పట్టిన రొయ్యను వెంటనే ఐసు నీటిలో ముంచకపోతే నాణ్యత పడిపోతుంది. మచిలీపట్నంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. భారత్ ఎలక్ట్రానిక్స్ 1983లో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని స్వీకరించి నడుపుతున్న ఆప్టికల్ కర్మాగారం కూడా ఈ ఊళ్లోనే ఉంది. ఆపరేషన్ థియేటర్లకు, కటకాల తయారీకి ఉష్ణోగ్రత, తేమ నిలకడగా ఉండాలి. ఇలాంటి అవసరాలు పెరిగేకొద్దీ పెద్ద చిల్లర్ల వాడకమూ పెరుగుతుంది.

నీటి వనరు

డెల్టాకు మంచినీరు ప్రధానంగా ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువల ద్వారా అందుతుంది. 1850లలో కట్టిన ఆనకట్ట స్థానంలో ఈ బ్యారేజీ 1957లో వాడుకలోకి వచ్చింది. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ తూర్పు డెల్టాకు నీరిస్తాయి. దివిసీమకు కృష్ణా తూర్పు కరకట్ట కాలువ నీరు పులిగడ్డ అక్విడక్టు మీదుగా అందుతుంది. వేసవిలో కాలువలు కట్టేస్తారు. ఆ నెలల్లో ఊళ్లు చెరువుల్లో నింపి పెట్టుకున్న నీటితో గడుపుతాయి. చిల్లర్ భారం మాత్రం ఏప్రిల్, మే నెలల్లోనే అత్యధికం. నీరు తక్కువగా ఉన్న కాలంలో నీటి అవసరం ఎక్కువ కావడం ఈ ప్రాంతపు అసలు చిక్కు.

బోరు వేస్తే చాలదా అన్న ప్రశ్నకు తీర గ్రామాల్లో జవాబు ఉప్పు బోరే. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కరిగిన ఘనపదార్థాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకపోవడం మంచిది. ప్రత్యామ్నాయం లేనప్పుడు 2000 వరకు అనుమతిస్తారు. చాలా చోట్ల బోరు నీరు ఈ హద్దును మించుతుంది. కాబట్టి యంత్రం ఎంపికకు ముందే నీటిని వేసవిలో ఒకసారి, వర్షాకాలంలో ఒకసారి పరీక్ష చేయించాలి. కఠినత్వం, క్లోరైడు, కరిగిన లవణాలు, ఇనుము, పీహెచ్ విలువలు చేతిలో లేకుండా పైపు లోహాన్ని నిర్ణయించడం తొందరపాటే.

కూలింగ్ టవర్‌లో నీరు ఆవిరై పోతుంది, లవణాలు మిగిలిపోతాయి. 100 టన్నుల చిల్లర్ పూర్తి భారం మీద నడిస్తే గంటకు సుమారు 650 లీటర్ల నీరు ఆవిరవుతుంది. లవణాల సాంద్రత మూడు రెట్లకు మించకుండా ఉంచాలంటే మరో 325 లీటర్లను డ్రెయిన్‌లోకి వదిలి, మొత్తం 975 లీటర్ల కొత్త నీరు పోయాలి. నీరు బాగుండి ఐదు రెట్ల వరకు పోగలిగితే వదిలే నీరు 160 లీటర్లే. నీరు చెడ్డదై రెండు రెట్లకే ఆగవలసి వస్తే వదిలేదే 650 లీటర్లు అవుతుంది. డ్రెయిన్ ఎంత మోయాలో నీటి నాణ్యతే ఇలా నిర్ణయిస్తుంది.

నీటి కొరత తీవ్రంగా ఉన్నచోట ఎయిర్ కూల్డ్ చిల్లర్ ఎంచుకోవచ్చు. విద్యుత్తు ఎక్కువ తీసుకున్నా దానికి టవర్ నీరు అక్కర్లేదు. అయితే ఉప్పు గాలికి అల్యూమినియం రెక్కలు తినుకుపోతాయి. తీరప్రాంతానికి తగిన రక్షణ పూత పూసిన కాయిల్‌ను మొదటే అడిగి తీసుకోవాలి.

పైపు పరిమాణం

నీటి ప్రవాహం టన్నేజీని, రాకపోకల ఉష్ణోగ్రతల తేడాను బట్టి ఉంటుంది. తేడా ఐదున్నర డిగ్రీలైతే టన్నుకు నిమిషానికి సుమారు 9 లీటర్ల చల్లటి నీరు తిరగాలి. కండెన్సర్ వలయంలో టన్నుకు సుమారు 11 లీటర్లు కావాలి. 100 టన్నుల చిల్లర్‌కు నిమిషానికి 900 లీటర్లు 100 మిల్లీమీటర్ల పైపులో సెకనుకు దాదాపు 1.9 మీటర్ల వేగంతో, 125 మిల్లీమీటర్ల పైపులో 1.2 మీటర్ల వేగంతో పోతాయి. వేగం మితిమీరితే శబ్దం, అరుగుదల, పంపు ఖర్చు పెరుగుతాయి. మరీ తగ్గితే గాలి బుడగలు కదలవు, మట్టి అడుగున పేరుకుంటుంది. పైపు చిన్నదైతే ఒకసారి మిగిలిన డబ్బు కన్నా ఏటా కరెంటు బిల్లులో పోయేదే ఎక్కువని యజమానులు గుర్తించాలి.

చిల్లర్ చుట్టూ అమరిక

పంపు నుంచి వచ్చే నీరు ముందు స్ట్రైనర్ దాటి ఇవాపరేటర్‌లోకి వెళ్లాలి. వెల్డింగ్ ముక్కలు, ఇసుక, తుప్పు పెచ్చులు సన్నటి గొట్టాల్లోకి పోకుండా ఆపేది స్ట్రైనరే. దాని జాలిని తీసి కడగడానికి ముందు, వెనక వాల్వులు ఉండాలి, జాలి ఊడదీసే దిక్కున చోటు ఉండాలి. చిల్లర్ ముక్కు దగ్గర రెండు వైపులా రబ్బరు లేదా లోహపు బెల్లోస్ పెడితే యంత్రం వణుకు పైపులకు పాకదు. పైపుల బరువు చిల్లర్ ముక్కుల మీద పడకూడదు. ప్రతి పైపుకూ సొంత సపోర్టు ఉండాలి.

లోనికి వచ్చే, బయటికి వెళ్లే పైపులు రెండింటికీ థర్మామీటర్లు, ప్రెషర్ గేజీలు అవసరం. బయటి వైపు బ్యాలెన్సింగ్ వాల్వు ఉంటే ప్రవాహాన్ని సరిదిద్దవచ్చు. ఫ్లో స్విచ్‌ను వంపుల పక్కన కాక, ఇరువైపులా పైపు వ్యాసానికి కనీసం ఐదు రెట్ల తిన్నని భాగం ఉన్నచోట బిగించాలి. నీరు ఆగినప్పుడు కంప్రెసర్‌ను ఆపేది ఇదే. ఇది పని చేయకపోతే ఇవాపరేటర్‌లో నీరు గడ్డకట్టి గొట్టాలు పగలవచ్చు. అప్పుడు నీరు శీతలకంలోకి చేరి యంత్రమే పనికిరాకుండా పోతుంది. ఫ్లో స్విచ్‌కు అడ్డదారి తీగ కలిపి చిల్లర్ నడపడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడని పని.

వలయంలో ఎత్తైన ప్రతి చోట గాలి వెళ్లే వెంట్, పల్లమైన ప్రతి చోట ఖాళీ చేసే డ్రెయిన్ వాల్వు ఉండాలి. మూసి ఉన్న వలయంలో నీరు వేడెక్కి వ్యాకోచిస్తే ఆ అదనాన్ని దాచుకోవడానికి ఎక్స్‌పాన్షన్ ట్యాంకును పంపు పీల్చే వైపు కలుపుతారు. 7 డిగ్రీల నీరు యంత్రం ఆగినప్పుడు 35 డిగ్రీలకు చేరితే 5000 లీటర్లకు సుమారు 30 లీటర్లు పెరుగుతుంది.

పైపు లోహం

చల్లటి నీటి వలయానికి 150 మిల్లీమీటర్ల వరకు ఐఎస్ 1239, అంతకు మించి ఐఎస్ 3589 ప్రమాణాల ఉక్కు పైపులు వాడతారు. కండెన్సర్ వలయంలో గాలి, లవణాలు రెండూ ఉంటాయి కాబట్టి తుప్పు త్వరగా పడుతుంది. మందమైన ఉక్కు, లోపల పూత, లేదా భూమిలో పోయే భాగానికి ఐఎస్ 4984 హెచ్‌డీపీఈ పైపు మేలు. స్టెయిన్‌లెస్ స్టీలుకు తుప్పే లేదనుకోవడం పొరపాటు. క్లోరైడు ఎక్కువైతే 304 రకం మీద సన్నటి గుంటలు పడి చిల్లులవుతాయి. 316 రకం కొంత మేలు. ఉప్పు నీరు తప్పనిచోట కండెన్సర్ గొట్టాలకు రాగి-నికెల్ మిశ్రమం అడగాలి. రాగిని, ఉక్కును నేరుగా కలిపితే ఉక్కు తినుకుపోతుంది. మధ్యలో విద్యుత్తును ఆపే జాయింటు ఉండాలి.

డెల్టాలోని నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు బీటలు వారుతుంది. ఆ కదలికకు పాతిపెట్టిన గట్టి పైపుల జాయింట్లు విరుగుతాయి. అందువల్ల కందకంలో చుట్టూ ఇసుక పరచాలి. గోడ దాటే చోట పైపును సిమెంటుతో బిగించేయకుండా స్లీవు పెట్టాలి.

చెమట, ఇన్సులేషన్

గాలి ఉష్ణోగ్రత 33 డిగ్రీలు, తేమ 75 శాతం ఉన్న రోజున అంతకన్నా చల్లని ఉపరితలం 28 డిగ్రీలకు దిగగానే దాని మీద నీరు పేరుకుంటుంది. మచిలీపట్నంలో ఇలాంటి రోజులు అరుదు కావు. 7 డిగ్రీల పైపు మీద, పాల కేంద్రంలోని ఇంకా చల్లని పైపు మీద ఇన్సులేషన్ లేకపోతే చెమట ధారగా కారుతుంది. ఇన్సులేషన్ మందం ఎంత ముఖ్యమో, దాని పైన ఆవిరి చొరబడని పొర అంత ముఖ్యం. పొరలో చిన్న రంధ్రం ఉన్నా ఆవిరి లోపలికి చేరి నీరవుతుంది. ఇన్సులేషన్ తడిసి, పైపు కనబడకుండానే తుప్పు పడుతుంది. పంపులు, వాల్వులు, స్ట్రైనర్లను కూడా కప్పాలి. సపోర్టు దగ్గర ఇనుము పైపుకు నేరుగా తగలకుండా గట్టి ఇన్సులేషన్ లేదా చెక్క దిమ్మ ఉంచాలి.

డ్రెయిన్ల రకాలు

ఒక చిల్లర్ పనిలో వేర్వేరు స్వభావాల నీళ్లు బయటికి వస్తాయి. వాటన్నిటినీ ఒకే పైపులో కలిపేయడం ఈ పనిలో తరచుగా జరిగే తప్పు.

మొదటిది గదుల్లోకి చల్లగాలిని పంపే ఎయిర్ హ్యాండ్లింగ్ యూనిట్ పళ్లెం నుంచి వచ్చే నీరు. పైన చెప్పిన 33 డిగ్రీల, 75 శాతం తేమ వాతావరణంలో గంటకు వెయ్యి ఘనపు మీటర్ల బయటి గాలిని చల్లబరిస్తే దాదాపు 17 లీటర్ల నీరు దిగుతుంది. ఫ్యాను గాలిని పీల్చే వైపు పళ్లెం ఉంటే పీల్పుడు బలానికి నీరు కిందికి పోదు. నీరు నిలిచే వంపు గొట్టాన్ని ట్రాపు అంటారు. పళ్లెం నుంచి ట్రాపు నోటి వరకు ఉండే లోతు ఆ పీల్పుడు కన్నా కనీసం 25 మిల్లీమీటర్లు ఎక్కువ ఉండేలా ట్రాపు కట్టాలి. ప్రతి యూనిట్‌కూ విడి ట్రాపు ఉండాలి. ఈ నీటిలో లవణాలు దాదాపు ఉండవు కనుక శుభ్రం చేసి కూలింగ్ టవర్‌లో పోయవచ్చు. వేసవిలో కాలువలు కట్టేసే ఈ ప్రాంతానికి ఇది మంచి ఆదా.

రెండోది టవర్ నుంచి వదిలే నీరు. లీటరుకు 1000 మిల్లీగ్రాముల లవణాలతో వచ్చిన నీరు మూడు రెట్లు గాఢమై 3000 మిల్లీగ్రాములతో పోతుంది. దీన్ని వరి చేలకు పారే బోదెలోకి వదిలితే చేను చౌడుబారుతుంది.

మూడోది ప్లాంట్ రూములో మరమ్మతులప్పుడు ఖాళీ చేసే నీరు. 100 మిల్లీమీటర్ల పైపు వంద మీటర్లలోనే దాదాపు 785 లీటర్లు దాగి ఉంటాయి. నేల వాలుగా ఉండి, పంపుల పక్కన గట్టి జాలి డ్రెయిన్ ఉంటేనే ఆ నీరు విద్యుత్తు ప్యానెళ్ల వైపు పోకుండా ఉంటుంది.

నాలుగోది పాల డబ్బాలు, పైపులు కడిగిన నీరు, రొయ్యలు కడిగిన నీరు. ఇందులో కొవ్వు, మాంసకృత్తులు ఉంటాయి. కొవ్వు ఆపే తొట్టి, జాలి, శుద్ధి యూనిట్ దాటకుండా ఇది బయటికి పోకూడదు. ఐసు ఫ్యాక్టరీ ఉప్పు ద్రావణాన్ని, అమ్మోనియా కలిసిన నీటిని విడిగా పట్టి ఉంచాలి. అమ్మోనియా అతి కొద్దిగా ఉన్నా చేపలకు ప్రాణాంతకం. చుట్టూ చేపల చెరువులున్న చోట ఒక్క నిర్లక్ష్యం పక్క రైతు పంటనంతా పోగొట్టవచ్చు.

ఆహారం తాకే యంత్రాల డ్రెయిన్‌ను మురుగు పైపుకు నేరుగా కలపకూడదు. మధ్యలో గాలి ఖాళీ ఉంచి, గరాటు లాంటి నోట్లో పడేలా చేస్తే మురుగు వెనక్కి తన్నినా యంత్రంలోకి రాదు.

వాలు, మట్టం

ప్రకాశం బ్యారేజీ నిల్వ మట్టం సముద్ర మట్టానికి 57.05 అడుగుల ఎత్తున ఉంటుంది. అక్కడి నుంచి మచిలీపట్నం సుమారు 70 కిలోమీటర్లు. అంటే కిలోమీటరుకు పావు మీటరు వాలు మాత్రమే. డ్రెయిన్ పైపుకు సాధారణంగా వందకు ఒకటి వాలు ఇస్తారు. 40 మీటర్ల డ్రెయిన్‌కే 40 సెంటీమీటర్లు కావాలి. డెల్టా నేల కిలోమీటరున్నర దూరంలో దిగేంత ఎత్తు ఇది. ఆవరణ చివర మురుగు కాలువ మట్టం ఎంతో తెలియకుండా చిల్లర్ దిమ్మె పోస్తే, తరువాత ఆ పల్లాన్ని ఎక్కడి నుంచీ తేలేం.

కాబట్టి మొదటి కొలత మురుగు కాలువలో నీటి మట్టం. అది వేసవిలో కాదు, వర్షాకాలంలో నిండుగా పారేటప్పటి మట్టం కావాలి. తీరానికి దగ్గరలో సముద్రపు పోటు మట్టం కూడా చూడాలి. పోటు సమయంలో డ్రెయిన్లలో నీరు నిలిచి వెనక్కి తన్నుతుంది. ఆ మట్టానికి పైన డ్రెయిన్ నోరు, దానికి పైన వాలు, దానికి పైన ట్రాపు, దానికి పైన పళ్లెం లేదా పంపు దిమ్మె అని లెక్క కట్టుకుంటూ రావాలి. ఎత్తు చాలకపోతే తొట్టి కట్టి, తేలే స్విచ్‌తో నడిచే రెండు పంపులు పెట్టి ఎత్తిపోయాలి. ఆ పంపులకు జనరేటర్ సరఫరా, గొట్టంలో నాన్ రిటర్న్ వాల్వు, నోటి దగ్గర వెనకనీటిని ఆపే తలుపు తప్పనిసరి.

పరీక్ష, కడగడం

పైపులు ఇన్సులేషన్‌తో కప్పకముందే నీటి ఒత్తిడితో పరీక్షించాలి. పని చేసే ఒత్తిడికి ఒకటిన్నర రెట్ల ఒత్తిడి పెట్టి, చిల్లర్‌ను వాల్వులతో వేరు చేసి, ప్రతి వెల్డును చూడాలి. తరువాత చిల్లర్ పక్కదారి గుండా వేగంగా నీరు తిప్పి, స్ట్రైనర్ జాలి శుభ్రంగా వచ్చేవరకు కడగాలి. ఆపై తుప్పు నిరోధక మందు కలిపిన మంచి నీరు నింపి గాలి తీయాలి. ఉప్పు బోరు నీటితో పరీక్ష చేసి రోజుల తరబడి వదిలేస్తే కొత్త పైపు మొదటి నెలలోనే తుప్పు పడుతుంది. డ్రెయిన్లను కూడా పరీక్షించాలి. ప్రతి పళ్లెంలో బక్కెట్ నీళ్లు పోసి, అవి చివరి నోటి వరకు చేరాయో లేదో చూడడం సులువు. అయినా చాలామంది మానేస్తారు.

తుఫాను, వరద

1864 నవంబరు తుఫానులో మచిలీపట్నాన్ని, 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. వేలాది ప్రాణాలు పోయాయి. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో ప్రకాశం బ్యారేజీకి 11.4 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. అదే వారం బుడమేరు వాగు నీరు గుడివాడ చుట్టుపక్కల నందివాడ మండలాన్ని ముంచింది. ఈ అనుభవాలు చిల్లర్ గది మట్టం, పంపుల, ప్యానెళ్ల ఎత్తు గురించి నేరుగా చెబుతాయి. ఊళ్లో పెద్దలకు గుర్తున్న వరద మట్టం కనుక్కుని, విద్యుత్తు సామగ్రిని అంతకు పైన ఉంచాలి. మిద్దె మీది చిల్లర్లను, టవర్లను, పైపులను గాలి వేగానికి తట్టుకునే బోల్టులతో బిగించాలి. కరెంటు పోయిన రోజుల్లో పాలు, మందులు, ఐసు నిలబెట్టేందుకు జనరేటర్‌తో పాటు నీటి నిల్వ కూడా ఉండాలి.

చట్టాలు, ప్రమాణాలు

బోర్లు, భూగర్భ జలం వాడకం 2002 నాటి ఆంధ్రప్రదేశ్ వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం పరిధిలోకి వస్తాయి. పరిశ్రమ నీరు బయటికి వదలడానికి 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టం కింద రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అనుమతి కావాలి. కాలువలు, నదుల్లోకి వదిలే నీటికి సాధారణ ప్రమాణాల ప్రకారం పీహెచ్ 5.5 నుంచి 9 మధ్య ఉండాలి, తేలే ఘనపదార్థాలు లీటరుకు 100 మిల్లీగ్రాములు, బీఓడీ (జీవరసాయన ఆక్సిజన్ అవసరం) 30, నూనె, కొవ్వు 10 మించకూడదు. కలిసే చోట నీటి వేడిని 5 డిగ్రీలకు మించి పెంచకూడదు. శీతలీకరణ యంత్రాల భద్రతకు ఐఎస్ 660 ఉంది.

నిర్వహణ

స్ట్రైనర్‌కు ముందు, వెనక ఒత్తిడి తేడా, చిల్లర్ రాకపోకల ఉష్ణోగ్రతలు, టవర్ నీటి లవణ సాంద్రత రోజూ పుస్తకంలో రాయాలి. ట్రాపులను, పళ్లేలను వర్షాకాలానికి ముందు కడగాలి. కండెన్సర్ గొట్టాలను ఏటా తెరిచి తోమాలి. కూలింగ్ టవర్ నీటిలో లెజియోనెల్లా బాక్టీరియా పెరగకుండా క్రిమిసంహారక మందు క్రమంగా వాడాలి. పైపుల నక్షాను, ఏ వాల్వు ఎక్కడ ఉందో చెప్పే పట్టికను ప్లాంట్ రూము గోడ మీద తెలుగులో రాసి పెట్టాలి. రాత్రి షిఫ్టులో ఉండే ఆపరేటర్‌కు మొదట అక్కరకొచ్చేది అదే.

కృష్ణా డెల్టా కాలువల వెంట పైనుంచి దిగే నీటికి లెక్క కట్టినంత శ్రద్ధగా కింద నిలిచే నీటికీ లెక్క కడితేనే ఇక్కడ ఏ యంత్రమైనా నాలుగు కాలాలు పని చేస్తుంది. చిల్లర్ కొనాలనుకునే పాల సంఘం, ఐసు ఫ్యాక్టరీ యజమాని, ఆసుపత్రి ఇంజనీరు ధరల పట్టిక తెప్పించుకునే ముందు రెండు పనులు చేయాలి. నీటి నమూనాను పరీక్షకు పంపాలి. మురుగు కాలువ మట్టాన్ని కొలిపించాలి.